కోళ్ళ బేరానికి వైరస్ చిరునామా కావాలి

యూసుఫ్‌గూడ: 2025 ఫిబ్రవరి రెండో వారంలో నగరంలోని మిగతా పేటల మాదిరిగానే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, అమీర్‌పేట ప్రాంతాలలో కూడా కోడిమాంసం బేరాలు ఒక్కసారిగా చతికిలబడ్డాయి. ఆదివారం పొద్దున్నే దుకాణం ముందు వరుస కట్టే కొనుగోలుదారులు ముఖం చాటేశారు. హాస్టళ్ళు, మెస్సులు, పంజగుట్ట వైపు హోటళ్ళు సరకు తగ్గించుకున్నాయి. గిరాకీ చేపల మీదికీ, వేటమాంసం మీదికీ మళ్ళింది. ఇంతకూ కోళ్ళు చచ్చింది ఇక్కడికి దాదాపు 400 కిలోమీటర్ల దూరాన. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల కోళ్ళకు హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ సోకిందని భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించింది.

అటువంటి వార్త వస్తే ధర పడడంలో వింత లేదు. గోదావరి జిల్లాల్లో కోళ్ళు పెద్ద సంఖ్యలో చస్తున్న సంగతి అంతకు కొన్ని వారాల ముందు నుంచే వ్యాపార వర్గాలకు తెలుసు. తెలియనిది ఏ జబ్బుతో చస్తున్నాయన్నదే. కొక్కెర తెగులన్నవారు కొందరు, చలిగాలి దెబ్బ అన్నవారు కొందరు. బర్డ్ ఫ్లూ అన్న మాటను పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ వారాలలో కూడా కోడి అమ్ముడుపోయింది, గుడ్డు లారీ ఎక్కింది, బేరాలు తెగాయి. అంటే సరకు ఏమిటో తెలియకుండానే వర్తకులు ధర కట్టారన్నమాట.

ఇదే వర్తకుడు నిజామాబాద్ యార్డులో మొక్కజొన్న కొనేటప్పుడు ఇలా చేస్తాడా? రాశిలో చేయి పెట్టి చూస్తాడు. గింజ కొరికి చూస్తాడు. తేమ 14 శాతం దాటితే మీటరు చూపించి ధర కోస్తాడు. సోయా చెక్కకు మాంసకృత్తుల శాతం అడుగుతాడు. దాణా విషయంలో ఇంత పట్టింపు గల మనిషి, ఆ దాణా తిన్న కోడి దగ్గరికి వచ్చేసరికి ఫోనులో విన్న కబురు మీద లక్షల రూపాయల బేరం నడుపుతాడు. కోడికి కూడా నమూనా పరీక్ష ఉన్నది. దానిని జన్యు విశ్లేషణ అంటారు. అది శాస్త్రవేత్తల వ్యవహారమని బజారు ఇంతకాలం పక్కన పెట్టింది. దాని ఫలితం రేటు బోర్డు మీద పడుతున్నది గనుక ఇకమీదట పక్కన పెట్టడానికి వీలులేదు.

ఒకే చావు, రెండు పద్దులు

కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ ఫారంలో పైకి కనిపించే తేడా తక్కువ. రెండింటిలోనూ కోడి తల వాల్చేస్తుంది, రొప్పుతుంది, గుడ్డు ఆగిపోతుంది, షెడ్లకు షెడ్లు ఖాళీ అవుతాయి. ఎంత అనుభవం గల డాక్టరైనా కోసి చూసి గట్టిగా ఇదీ అని చెప్పలేని సందర్భాలు ఉంటాయి. వ్యాపారానికి మాత్రం ఈ రెండూ వేర్వేరు పద్దులు. కొక్కెర అయితే ఆ ఫారం యజమాని నష్టపోతాడు. పక్క ఫారం టీకా వేసుకుని నిలబడుతుంది. బజారుకు రెండు రోజులు సరకు తగ్గుతుంది, అంతే. బర్డ్ ఫ్లూ అయితే ఒక కిలోమీటరు పరిధిలోని ప్రతి కోడినీ చంపి పూడ్చాలి. 10 కిలోమీటర్ల వరకూ నిఘా. లారీలు ఆగుతాయి, దుకాణాలు మూతపడతాయి. దూరాన ఉన్న యూసుఫ్‌గూడలో కూడా కత్తికి పని ఉండదు.

కొక్కెరకు పుస్తకాలలో రాణీఖేత్ వ్యాధి అని పేరు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోనూ, తరువాత ఏడాదికే మన కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లోనూ కనబడడంతో రెండు పేర్లూ నిలిచిపోయాయి. దాని వైరస్‌లో సుమారు 15,000 జన్యు అక్షరాలు ఉంటాయి. ఫ్లూ వైరస్‌లో 13,500 దాకా ఉంటాయి, అవి ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఈ అక్షరాలన్నీ ఒక ఎత్తు, వైరస్ పైపొరలోని ప్రోటీను తెగే చోట ఉండే కొద్ది అక్షరాలు ఒక ఎత్తు. ఆ ప్రోటీను తెగితేనే వైరస్ కణంలోకి దూరగలదు. మెత్తని రకం వైరస్‌లో ఆ చోటును కోసే కత్తి కోడి శ్వాసనాళంలోనూ పేగులోనూ మాత్రమే దొరుకుతుంది. అందుకని జబ్బు అక్కడే ఆగుతుంది. మొరటు రకంలో ఆ చోట క్షార గుణం గల అమైనో ఆమ్లాలు వరుసగా చేరి ఉంటాయి. వాటిని కోసే కత్తి ఒంట్లో ప్రతి అవయవంలోనూ ఉంటుంది. కాలేయం, మెదడు, గుండె ఏదీ మిగలదు. కొక్కెర వైరస్‌లో ఈ జాగా ఎఫ్ ప్రోటీనులో 112 నుంచి 117 వరకు ఉన్న స్థానాలు. ఫ్లూలో హెచ్ ప్రోటీను మీద ఉంటుంది. ఈ కాసిన్ని అక్షరాలు చదివితే కోడి ఏ పద్దులోకి వెళ్ళాలో తేలిపోతుంది.

చదవడానికి నెలలు పట్టే కాలం పోయింది. కోడి గొంతులోంచీ, మలద్వారం వద్దా తీసిన దూదిపుల్ల ప్రయోగశాలకు చేరితే హెచ్5 ఉన్నదీ లేనిదీ పి.సి.ఆర్. పరీక్షలో కొద్ది గంటల్లో తేలుతుంది. మొత్తం అక్షరాలను చదవడానికి ఆధునిక యంత్రాలకు ఒకటి రెండు రోజులు చాలు. జాప్యమంతా యంత్రం బయట జరుగుతున్నది.

టీకా మీద నింద

కోళ్ళ మందుల వర్తకులకు ఈ విశ్లేషణతో మరొక ప్రయోజనం ఉన్నది. కొక్కెర వచ్చిన ప్రతిసారీ ‘టీకా పనిచేయలేదు’ అన్న మాట వినవస్తుంది. కంపెనీ మారుస్తారు, డీలరు మీద విరుచుకుపడతారు, సరకు వాపసు పంపుతారు. లాసోటా టీకా రకం అమెరికాలోని న్యూజెర్సీలో 1946లో దొరికిన వైరస్. మన ఫారాల్లో నేడు తిరుగుతున్న కొక్కెర వైరస్‌లలో 13వ జన్యు వర్గానికి చెందినవి ఎక్కువ. లాసోటాది రెండో వర్గం. ఇంత దూరపు చుట్టమైనా సరిగా వేస్తే అది కోడి ప్రాణం కాపాడుతుంది. అయితే కోడి లోపల బయటి వైరస్ పెరగడాన్నీ, రెట్టలో పడడాన్నీ పూర్తిగా ఆపలేదు.

చచ్చిన కోడిలో టీకా అక్షరాలే దొరికాయా, బయటి వైరస్ అక్షరాలు దొరికాయా అన్నది విశ్లేషణ చెబుతుంది. బయటి వైరస్ దొరికితే అడగవలసిన ప్రశ్నలు వేరు. టీకా సీసా మంచుపెట్టెలోనే వచ్చిందా? క్లోరిన్ కలిపిన నీళ్ళలో కలిపారా? మోతాదు కోడికి అందిందా? ఎండాకాలంలో మోటారు సైకిలు మీద టీకా చేరవేసే డీలర్లు ఈ ప్రశ్నల దగ్గర కొంచెం తడబడడం సహజం. గంబోరో వ్యాధి వైరస్‌లో వి.పి.2 జన్యువునూ, బ్రాంకైటిస్ వైరస్‌లో ఎస్1 జన్యువునూ చదివి ఏ టీకా పనికివస్తుందో నిర్ణయించుకునే పద్ధతి పెద్ద హేచరీలలో ఉన్నదే. చిన్న ఫారం వరకూ అది దిగిరాలేదు.

హెచ్9ఎన్2 అనే మెత్తని ఫ్లూ మరొక చిక్కు. అది కోళ్ళను ఎక్కువగా చంపదు, గుడ్లు తగ్గిస్తుంది. ‘ఈ వారం గుడ్ల రాక తగ్గింది’ అని బజారులో అనుకునే మాట వెనుక ఒక్కోసారి ఉండేది ఇదే. దీనికి భోపాల్ సంస్థ తయారుచేసిన టీకా పరిజ్ఞానాన్ని 2022లో కొన్ని కంపెనీలకు ఇచ్చారు. అందులో సికింద్రాబాద్ కంపెనీ గ్లోబియాన్ ఒకటి. మొరటు హెచ్5 రకానికి మాత్రం మన దేశపు విధానం కనిపెట్టు, చంపి పూడ్చు అన్నదే. ఫ్రాన్సు 2023 అక్టోబరు నుంచి బాతులకు హెచ్5 టీకా వేస్తున్నది.

లారీ తెచ్చిందా, పక్షి తెచ్చిందా

దళారులూ, రవాణాదారులూ శ్రద్ధగా చూడవలసింది ఇక్కడ. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కోళ్ళ వాహనాలను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద ఆపివేశారు. తరువాత అదే నెలలో చౌటుప్పల్ మండలంలోనూ, ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. రెండూ విజయవాడ రహదారిని ఆనుకుని ఉన్న మండలాలే. వైరస్ రోడ్డు మీద వచ్చిందా, ఆకాశం మీద వచ్చిందా? చెక్‌పోస్టులు ఆలస్యమయ్యాయా, అసలు అవసరమే లేదా?

దీనికి జవాబు అక్షరాలలో ఉంటుంది. తణుకు వైరస్‌కూ చౌటుప్పల్ వైరస్‌కూ మధ్య తేడాలు వేళ్ళ మీద లెక్కించేటన్ని ఉంటే ఒక ఫారం నుంచి మరొక ఫారానికి మనిషో, బండో, ట్రేయో మోసినట్టు అనుమానించాలి. తేడాలు చాలా ఉంటే రెండు చోట్లకూ విడివిడిగా అడవి పక్షుల ద్వారా వచ్చి ఉండవచ్చు. మొదటిదైతే రవాణా కట్టడి పనికివస్తుంది. రెండోదైతే చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయిన కోళ్ళు ఎండకు చావడం తప్ప ఒరిగేదేమీ లేదు. షెడ్డుకు వల కట్టడం, నీళ్ళ తొట్టి మూయడం మీద డబ్బు పెట్టాలి.

మన దేశంలో హెచ్5ఎన్1లో 2.3.2.1ఎ అనే శాఖా, ప్రపంచమంతా తిరుగుతున్న 2.3.4.4బి అనే శాఖా రెండూ కనిపించాయి. రెండు శాఖలు ఒకే పక్షిలో చేరితే ఎనిమిది ముక్కలూ రెండు పేకలు కలిపి పంచినట్టు కలగలిసిపోతాయి. 2024లో కలకత్తా వచ్చి ఆస్ట్రేలియాకు తిరిగి వెళ్ళిన ఒక పసిబిడ్డకు సోకిన వైరస్ అటువంటి కలగలుపేనని అక్కడి విశ్లేషణలో తేలింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1తో మరణించింది. ఆ కుటుంబానికి జరిగిన నష్టం ముందు రేటు తగ్గడం లెక్కలోకి రాదు. అక్షరాలు చదవడం బజారు కోసం మాత్రమే కాదని ఆ మరణం గుర్తు చేస్తున్నది.

అమెరికా అనుభవం కూడా ఇదే దారిలో ఉన్నది. అక్కడ 2024 మార్చిలో పాడి ఆవులలో హెచ్5ఎన్1 బయటపడింది. జన్యువులు పోల్చి చూస్తే ఆ ఏడాది వ్యాపించిన వైరస్ పక్షుల నుంచి ఆవులకు దూకింది ఒకే ఒక్కసారి అని తేలింది. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి వ్యాపించింది ఆవుల రవాణా వల్లనే. నెల తిరగకుండానే పాలిచ్చే ఆవులను పరీక్ష లేకుండా రాష్ట్రం దాటించరాదని ఉత్తర్వు వెలువడింది. కోళ్ళ విషయంలో వారు మనకంటే మెరుగేమీ కాదు. 2022 నుంచి 16 కోట్లకు పైగా పక్షులను పోగొట్టుకున్నారు. 2025 మార్చిలో అక్కడ డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లు పలికింది.

ఆలస్యం ఎవరి ఖాతాలో

దేశంలో తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్ర నవాపూర్‌లో. హైదరాబాద్ శివారులో 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చింది. ఇన్నేళ్ళయినా బర్డ్ ఫ్లూ ఉన్నదని అధికారికంగా ప్రకటించాలంటే నమూనా నర్మద అవతల ఉన్న భోపాల్‌కు పోవాలి, నివేదిక రావాలి, ఢిల్లీకి తెలియాలి, తరువాత కలెక్టరుకు ఉత్తర్వు అందాలి.

ఈ మధ్యలో ఫారం యజమాని స్థితి ఏమిటి? నష్టపరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్ళకే. నివేదిక రాకముందే చచ్చిన కోడికి పైసా రాదు. నివేదిక ఆలస్యమైన ప్రతి రోజూ అతని పరిహారం కరిగిపోతూ ఉంటుంది. పొద్దున బతికి ఉన్న కోడిని సాయంత్రానికి అమ్మేస్తే ఎంతో కొంత చేతికి వస్తుంది. అందుచేత ఆ కోళ్ళు బజారుకు వస్తాయి. ధర్మపన్నాలు చెప్పి దీనిని ఆపడం ఎవరి తరమూ కాదు. అప్పు మీద షెడ్డు వేసి, దాణా కొట్టులో అరువు పెట్టిన మనిషి లెక్క అలాగే ఉంటుంది. చవకగా వస్తున్నదని ఆ సరకును ఎత్తుకున్న టోకు వర్తకుడు తన ఇతర ఫారాలకు కూడా అదే బండి పంపుతాడు. చిల్లర దుకాణంలో కోడి కోసే కుర్రవాడి చేతికి గ్లౌజు ఉండదు.

హైదరాబాద్‌కు కొరత ఏమిటి? హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. కరోనా కాలంలో వైరస్ అక్షరాలు చదివిన ప్రధాన ప్రయోగశాలల్లో అదొకటి. గచ్చిబౌలి వైపు జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన డైరెక్టరేటు, పశువైద్య విశ్వవిద్యాలయం, శాంతినగర్‌లో టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఉన్నాయి. ఇవన్నీ ఒక్క ఊళ్ళో ఉండి, ఆ ఊరి శివారు ఫారంలో చచ్చిన కోడి సంగతి మరొక రాష్ట్రం నుంచి తెలియవలసి రావడం సబబుగా లేదు. భోపాల్ మాటే తుది మాట అన్న నియమం అలాగే ఉండవచ్చు. ఇక్కడ తొలి పరీక్ష చేసి, తాత్కాలిక ఫలితాన్ని 24 గంటల్లో చెప్పే అధికారం ఒక ప్రయోగశాలకైనా ఇవ్వాలి. పరిహారాన్ని నమూనా తీసిన రోజున బతికి ఉన్న కోళ్ళ లెక్కన కట్టాలి. వైరస్‌ను ప్రయోగశాలలో పెంచాలంటే గట్టి భద్రత కావాలన్న అభ్యంతరం నిజమే. నమూనాను చంపే ద్రావకంలో వేసి అక్షరాలు మాత్రమే చదవడానికి అంత భద్రత అక్కరలేదు.

పెద్ద కంపెనీలకు ఇది రుచించకపోవచ్చు. ఫారం పేరు బయటకు పొక్కితే పిల్లల ఆర్డర్లు పోతాయన్నది వారి భయం. పేరు ప్రకటించనవసరం లేదు. ఏ జిల్లా, ఏ వైరస్, ఏ శాఖ, టీకాకు దగ్గరిదా దూరానిదా అన్న నాలుగు మాటలు బజారుకు చాలు. డాక్టర్ బి.వి. రావు చొరవతో 1982లో నెక్ ఏర్పడకముందు గుడ్డు ధర దళారి నోట్లోంచి వచ్చేది. రోజూ రేటు ప్రకటించే పద్ధతి మొదలయ్యాక రైతు చేతికి ఒక ఆధారం దొరికింది. అప్పుడూ ‘రేటు బయటపెడితే బేరం ఎలా’ అన్న ప్రశ్న వేసిన వారు లేకపోలేదు.

ప్రస్తుతం మన దగ్గర నడుస్తున్న మందు వేరే. 2020 ఫిబ్రవరి చివర, కరోనా పుకార్లకు కోడి ధర కూలినప్పుడు, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో వేదిక మీద మంత్రులు చికెన్ తిని చూపించారు. జనానికి కొంత ధైర్యం వచ్చి ఉండవచ్చు. బాగా ఉడికిన కోడికూర వల్ల ప్రమాదం లేదన్నదీ నిజమే. కాని కొనుగోలుదారు ఎదుటివాడి కడుపు చూసి నమ్మేది ఒకటి రెండు సార్లే.

ఎగుమతిదారులకు మరొక లెక్క ఉన్నది. 2023లో మన దేశంలోని 26 కోళ్ళ సముదాయాలను బర్డ్ ఫ్లూ లేనివిగా ప్రకటించుకోగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అంగీకరించింది. అవి మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలవి. 2023–24లో దేశంలోని గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 17.85 శాతం, తెలంగాణ వాటా 12.88 శాతం. రెండూ కలిస్తే దేశంలోని ప్రతి పది గుడ్లలో మూడు మనవే. ఆ జాబితాలో మాత్రం మన ఊసు లేదు. అటువంటి ధృవీకరణకు క్రమం తప్పని పరీక్షలూ, దాచకుండా రాసిన రికార్డూ కావాలి.

వర్తకుల వంతు కూడా లేకపోలేదు. అట్ట ట్రేలు ఫారం నుంచి బజారుకూ, బజారు నుంచి మరొక ఫారానికీ తిరగడం మానాలి. కోళ్ళ గంపలను బండి దిగగానే కడిగించాలి. వారానికి ఒకసారి చిల్లర దుకాణాల కోళ్ళ నుంచి దూదిపుల్ల నమూనాలు తీసుకోనివ్వడానికి సంఘాలు ఒప్పుకుంటే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వంటి చోట్ల నగరానికి వచ్చే కోడి అంతటి మీద నిఘా తక్కువ ఖర్చుతో కుదురుతుంది. నమూనా ఖర్చు కోడికి కొద్ది పైసల సెస్సుగా పడుతుందనుకున్నా, 2025 ఫిబ్రవరిలో ఒక్క ఆదివారం పోయిన బేరంతో పోలిస్తే అది చిల్లర.

కొల్లేరుకు వలస పక్షులు చేరేది చలికాలం మొదట్లోనే. గోదావరి జిల్లాల ఫారాలు ఆ సరస్సుకు కూతవేటు దూరంలో ఉన్నాయి. తాత్కాలిక ఫలితం చెప్పే అధికారం ఏ ప్రయోగశాలకు ఇవ్వాలన్నదీ, పరిహారం ఏ రోజు లెక్కన కట్టాలన్నదీ రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలూ, నెక్, వర్తక సంఘాలూ కూర్చుని దసరాలోగా తేల్చుకోవలసి ఉన్నది.